బంగారు గనుల షేర్లు: బుల్ దశ ముదిరిందో లేదో అంచనా వేయడం

బంగారు గనుల షేర్ల పెరుగుదల ఇంకా మొదట్లోనే ఉందా, ముగింపుకు చేరిందా అని తేల్చే పద్ధతి ఇది. గని ఖర్చు లోహం ధరంత వేగంగా మారదు. ఔన్సుకు 1,200 డాలర్లు ఖర్చయ్యే గనిలో, ధర 1,500 నుంచి 1,800కు చేరితే మిగులు రెట్టింపవుతుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీలదీ ఇదే లెక్క.

అన్నిటికన్నా నమ్మదగిన కొలమానం, గనుల షేర్ల హెచ్‌యూఐ సూచీని ఔన్సు బంగారం ధరతో భాగించగా వచ్చే నిష్పత్తి. 2000 నవంబరులో అది సుమారు 0.14; 2003 చివరికి 0.6 దాటింది. 2011 సెప్టెంబరులో బంగారం 1,900 డాలర్లు తాకినా నిష్పత్తి మూడో వంతు దగ్గరే ఉండిపోయింది. ఇంధనం, జీతాలు లాభాన్ని తినేశాయి. లోహం శిఖరమెక్కుతుంటే షేర్లు వెనకబడటం ముదిరిన దశకు బలమైన గుర్తు.

గని సంస్థలు ఇతర సంస్థలను అధిక ధరకు కొనడం మరో గుర్తు. 2010లో బంగారు గనుల సంస్థ కిన్‌రాస్ సుమారు 710 కోట్ల డాలర్లకు రెడ్ బ్యాక్ అనే మరో గనుల సంస్థను కొని, తర్వాత ఆ విలువలో పెద్ద భాగాన్ని రద్దు చేసుకుంది.

మన మార్కెట్లో ఈ లెక్కకు ఆధారం తక్కువ. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. హట్టి గనుల సంస్థ కర్ణాటక ప్రభుత్వానిది. కర్నూలు జిల్లా జొన్నగిరి గనిలో వాటా ఉన్న దక్కన్ గోల్డ్ మైన్స్ బీఎస్ఈలో ఉంది. కానీ ఒకే సంస్థ షేరు తన అనుమతులు, తవ్వకాల వార్తలకే కదులుతుంది గనుక దశను అంతర్జాతీయ సూచీల్లోనే చూడాలి.