ఆరో ఏడు ఎవరిది?

2019 మార్చి 31. కరెంటు లేని ఇల్లు ఇక లేదని రాష్ట్రాలన్నీ ఢిల్లీకి లెక్క పంపాయి. ఛత్తీస్‌గఢ్ లెక్కలో మాత్రం 18,734 ఇళ్లు మిగిలాయి. అన్నీ మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలవే. తెలంగాణ వైపు చెర్ల దాటి అడవిలోకి నడిస్తే వచ్చే ఉసూర్ అప్పట్లో అలాంటి సీమ.

స్తంభాలు పాతలేని ఊళ్లకు, ఇంటింటికీ కరెంటు ఇచ్చేందుకు కేంద్రం పెట్టిన సౌభాగ్య పథకం సోలార్ కిట్ నిర్ణయించింది. 200 నుంచి 300 వాట్ల ప్యానల్, బ్యాటరీ, ఐదు ఎల్‌ఈడీ బల్బులు, ఒక ఫ్యాను. మరమ్మతు బాధ్యత ఐదేళ్లు.

ఆ ఐదేళ్లూ నిండిన ఒక ఇంటిని ఊహించి చెబుతున్నాను. మనుషులు కల్పితం, ఇబ్బంది మాత్రం నిజం.

శ్రావణ మాసం. మూడు రోజులుగా ముసురు. చీకటి పడ్డాక బల్బు కాసేపు వెలిగి ఆరిపోతోంది. మెకానిక్ కుర్రాడు బ్యాటరీ పెట్టె మీద ఎర్ర లైటు చూసి బయటికొచ్చాడు. కిట్ పెట్టిననాడు లేత మానుగా ఉన్న ఇప్పచెట్టు కొమ్మ ఇప్పుడు సగం ప్యానల్‌ను కప్పేసింది.

"అవ్వా, నీడ పడుతోంది. కొమ్మ కొట్టాలి."

"ఇప్పకొమ్మా? ఎండాకాలమంతా ఆ పువ్వు ఏరుకునే కదయ్యా మేం తినేది! పలకనే జరుపు."

"జరుపుతా. వైరు చాలదవ్వా. బ్యాటరీ కూడా పాతబడింది."

"కొత్తది ఎవరిస్తారు?"

కుర్రాడు మాట్లాడలేదు. అతని కాగితంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

పెద్ద లెక్కల్లోనూ ఈ గడి కనబడదు. 2022 నాటికి 175 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు అని 2015లో అనుకున్నాం. 2022 చివరికి తేలింది సుమారు 120. ఇప్పుడు 2030కి శిలాజేతర వనరుల నుంచి 500 అంటున్నాం. పెద్ద అంకె పెట్టుకోవడం తప్పని నేననను. కానీ బిగించిన ప్యానళ్లను లెక్కపెడితే, ఆరిపోయిన బల్బు కూడా విజయం కిందే జమ అవుతుంది.

2025 జనవరిలో బీజాపూర్ జిల్లా చిల్కాపల్లికి తొలిసారి కరెంటు వచ్చింది. ఆ తీగలో పారేది ఎక్కువగా బొగ్గు కరెంటే. అయినా సరే, అలాంటి ఊళ్లను ఆ కరెంటు వద్దనమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తీగ చేరని ఇళ్ల కోసమైనా అందుకోగలిగే లక్ష్యం పెట్టండి: ముసురు రాత్రి ఎన్ని ఇళ్లలో దీపం వెలిగిందో రాయండి. ఊరికొక కుర్రాడికి మరమ్మతు నేర్పండి. ఆరో ఏడు కొనాల్సిన బ్యాటరీ డబ్బును మొదటి ఏడే పక్కన పెట్టండి.