జిగురులో దాగిన మందు

మన వైద్యులు పాతాళగంధి అని పిలిచే సర్పగంధికి బీహార్‌లో ‘పాగల్ కీ దవా’ అని పేరు. మతి చలించినవారికి అక్కడ ఆ వేరునే ఇచ్చేవారు. అందులో పనిచేసే పదార్థం ఏది? దాన్ని తేల్చడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టరేట్ చేసి వచ్చిన సలీముజ్జమాన్ సిద్దిఖీ ఢిల్లీ తిబ్బియా కళాశాలలో ఈ వేరును చేతికి తీసుకున్నారు. ఆయన్ను ప్రోత్సహించిన హకీం అజ్మల్ ఖాన్ 1927 డిసెంబరులోనే కన్నుమూశారు. 1931లో వేరు నుంచి మొదటి స్ఫటికాలు చేతికందినప్పుడు సిద్దిఖీ వాటికి హకీం పేరే పెట్టారు: అజ్మలిన్. అజ్మలిసిన్, సర్పెంటైన్ వంటివి కూడా ఆ వేరులోంచే వెలికివచ్చాయి.

అయితే ఆ వేరుకు పేరు తెచ్చిన మత్తు, శాంతి వీటిలో దేనివల్లా వచ్చేవి కావు. మొక్కల్లో ఉండే క్షారగుణం గల పదార్థాలను, అంటే ఆల్కలాయిడ్లను, విడదీసే పాత పద్ధతి ఇది: ఆమ్లం కలిపితే అవి లవణాలై నీటిలోకి దిగుతాయి, తర్వాత క్షారం పోస్తే విడివడి బయటపడతాయి. బలహీనమైన క్షారగుణం ఉన్న పదార్థం ఈ వలకు సరిగా చిక్కదు. అది వేరులోని జిగురుతోనే ఉండిపోతుంది. రసాయనవేత్త కళ్లు సహజంగా మెరిసే స్ఫటికాల మీదే ఉంటాయి కనుక జిగురు పక్కకు పోతుంది. ఇందుకు సిద్దిఖీని తప్పుపట్టడం అన్యాయమని నా అభిప్రాయం. ఆనాటి పరికరాలతో అంత శుద్ధంగా స్ఫటికాలు తీయడమే గొప్ప.

ఆ జిగురు నిద్ర తెప్పిస్తుందని 1944లోనే భారతీయ పరిశోధకులు రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు ఉన్న 50 మందికి ఈ వేరు ఇచ్చి, ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. దాంతో విదేశాల చూపు ఇటు మళ్లింది.

స్విట్జర్లాండ్ బాసెల్‌లోని సీబా కంపెనీలో మ్యూలర్, ష్లిట్లర్, బైన్ ఆ జిగురునే పట్టుకున్నారు. భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్నీ జంతువుల మీద పరీక్షించి, ప్రభావం కనిపించిన దానినే మళ్లీ విడదీస్తూ పోయారు. దారి చూపింది స్ఫటికం కాదు, మత్తు. అలా 1952లో రిసర్పిన్ దొరికింది. రోజుకు మిల్లీగ్రాములో నాలుగో వంతు ఇచ్చినా రక్తపోటు తగ్గేది. 1956లో అమెరికన్ రసాయనవేత్త వుడ్‌వర్డ్ దాన్ని ప్రయోగశాలలో నిర్మించారు.

దిగులు వంటి దుష్ఫలితాల భయంతో, కొత్త మందుల రాకతో రిసర్పిన్ వాడకం తగ్గిపోయింది. ఢిల్లీలో దొరికిన అజ్మలిన్‌ను మాత్రం నేటికీ గుండె వైద్యులు వాడుతున్నారు. గుండె లయను దెబ్బతీసే బ్రుగాడా సిండ్రోమ్ అనుమానం ఉన్నప్పుడు దాన్ని నరంలోకి ఎక్కించి, ఈసీజీలో దాగిన లోపం బయటపడుతుందేమో చూస్తారు.