చలి వండిన మిథనాల్

టీడబ్ల్యూ హైడ్రే నక్షత్రం దగ్గరికి వచ్చేశారు. భూమి ఇక్కడికి దాదాపు 195 కాంతి సంవత్సరాల దూరం. నక్షత్రం వయసు సుమారు కోటి ఏళ్లు, అంటే ఇంకా పసితనమే. దాని చుట్టూ వాయువు, ధూళి పెద్ద పళ్లెంలా పరుచుకుని తిరుగుతున్నాయి.

పైనుంచి లోపలికి దిగండి. మొదటి పొరలో అణువులకు నిలకడ లేదు. నక్షత్రం చిమ్మే అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు వాటిని పరమాణువులుగా చీల్చేస్తున్నాయి. ఇంకా కిందికి వెళ్తే ధూళి ఆ కిరణాలను ఆపేస్తుంది. ఇక్కడ కార్బన్ మోనాక్సైడ్ వాయువుగా చెక్కుచెదరకుండా తిరుగుతోంది.

పళ్లెం మందంలో నట్టనడుమకు చేరారు. అంతా చీకటి. నక్షత్రానికి ఎడంగా జరుగుతూ పోండి. మన సూర్యుడికి నెప్ట్యూన్ ఉన్నంత దూరం వచ్చేసరికి చలి మైనస్ 250 డిగ్రీలు దాటింది. కార్బన్ మోనాక్సైడ్ గడ్డకట్టి ధూళిని అంటుకుంటోంది.

ఒక్క రేణువు ముందు ఆగండి. దాని మీద నీటి మంచు, ఆ పైన కార్బన్ మోనాక్సైడ్ మంచు. ఒక హైడ్రోజన్ పరమాణువు వచ్చి వాలి, మంచు మీద అటూ ఇటూ కదిలి, ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువును పట్టుకుంది. చర్యకు కావలసిన శక్తి ఈ చలిలో దొరకదు. అయినా ఆ అడ్డంకిని ఎక్కకుండానే, క్వాంటమ్ టన్నెలింగ్‌తో దాటేసింది. రెండో హైడ్రోజన్ చేరితే ఫార్మాల్డిహైడ్. మరో రెండు చేరితే మిథనాల్ అనే సేంద్రియ అణువు!

చుట్టూ ఉన్న వాయువులోనూ మార్పు వచ్చింది. రెండు నైట్రోజన్లు, ఒక హైడ్రోజన్ ఉన్న డయాజెనీలియం అయాన్‌ను మామూలుగా కార్బన్ మోనాక్సైడ్ బతకనివ్వదు. అది మంచైపోయాక ఈ అయాన్ నిలబడి రేడియో తరంగాలు వెదజల్లుతోంది. చిలీలోని అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా టెలిస్కోపు వాటిని పట్టుకుంది. 2013లో వెలువడిన ఆ చిత్రంలో అయాన్ వలయం లోపలి అంచే కార్బన్ మోనాక్సైడ్ మంచురేఖను చూపింది. ఈ పళ్లెంలోనే మిథనాల్ ఆవిరి జాడను కూడా ఆల్మా కనిపెట్టింది. 2016లో ఆ ఫలితం వెలువడింది.

మన సౌరకుటుంబంలోనూ దీని జాడ ఉంది: 1997లో మన ఆకాశంలో మెరిసిన హేల్-బాప్ తోకచుక్కలోనూ మిథనాల్ ఉంది. సేంద్రియ రసాయనానికి సూర్యుడి వెచ్చదనం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. గ్రహాలు పూర్తిగా రూపు కట్టకముందే, వెలుగు చొరబడని ఈ చలిలోనే, అది పని మొదలుపెట్టేస్తుంది.