క్రొత్త పేరు, పాత ఊరు

మనిషికి పేరు పెట్టునది తల్లిదండ్రులని మన మందుము. నూరేండ్ల క్రిందట పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో మాలవాడ, మాదిగవాడల యందు పుట్టినవానికి తల్లిదండ్రులు పేరు పెట్టినను, ఆ పేరు పలుకు తీరును మాత్రము ఊరు నిర్ణయించెడిది. ఎల్లయ్య ఎల్లిగాడగును, బాలమ్మ బాలి యగును. ఈ చిన్న సంగతిని మనస్సున నుంచుకొన్నగాని, ఆ ప్రాంతమున క్రైస్తవము ప్రవేశించిన కథ మనకు సరిగా బోధపడదు.

కథకు మొదలు కృష్ణకు ఆవలియొడ్డున నున్నది. ఎఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ తోలువర్తకుడు 1866లో బాప్తిస్మము పొందెను. అంతకు ముందే యతడు రాజయోగ గురువుల నాశ్రయించి తత్త్వమును వెదకినవాడు. కావున అతనికి వెదకుట నేర్పినది దొరలు కారు. ఆ యేడే ఒంగోలులో జాన్ క్లౌ స్థిరపడెను. 1876-78 నాటి కరవు తరువాత, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి.

ఆ బాప్టిస్టు సంఘమువారే నిజాము రాజ్యమున పాలమూరికి 1885లో ఎల్బర్ట్ ఛ్యూట్‌ను, నల్లగొండకు 1890లో అబ్రహాం ఫ్రీసెన్‌ను పంపిరి. ఈ ఫ్రీసెన్ రష్యా సామ్రాజ్యమునుండి వచ్చిన మెన్నొనైటు. ఇంట మాటలాడునది జర్మను భాష. కచేరీలలో ఉర్దూ చెల్లు రాజ్యమునకు వచ్చి, తెలుగు నేర్చి, తెలుగున బోధించెను! 1899 నుండి అమెరికాలోని మెన్నొనైటు సహోదరులును రాసాగిరి. నాగరకర్నూలు, వనపర్తి, దేవరకొండలలో వారి కేంద్రములు వెలసెను. 1907లో వచ్చిన వైద్యురాలు కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో మరణించువరకు ఈ దేశముననే సేవ చేసెను.

అయితే దొరల రాకపోకలకంటె మనకు ముఖ్యమైనది వాడలో జరిగిన మార్పు. క్లౌ తన సంఘమువారికి మూడే నియమములు చెప్పెడివాడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డుమాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్నవి. కాని వెట్టికి సెలవు లేదు గదా! పటేలు పిలిచినప్పుడు ‘నేడు ఆదివారము, రాను’ అనుట ఎంత సాహసము! చచ్చిన గొడ్డును ఈడ్చుట మాదిగకు బాధ్యతయు హక్కును. మాంసము, తోలు వానివి. ఆ తోలుతోనే చెప్పులు, మోటతొండములు కుట్టి యిచ్చి, కళ్లమున గింజలు పొందును. బావిమోటలే ఆధారమైన మెట్టపొలములకు తొండము కుట్టువాడు లేనిదే నీరు లేదు. ఇక పోచమ్మ కొలువునకు డప్పు కొట్టనన్నచో ఊరంతయు అలుగును. ఈ మూడు నియమములలో ప్రతిదియు ఊరి కట్టుబాటులోని ఒక్కొక్క ముడిని విప్పినది. గింజలు ఆగవచ్చును, దారి మూయవచ్చును. అన్నియు తెలిసియే వారు ముందడుగు వేసిరి. కరవుకాలపు గంజికొరకు మతము మారిరని తేలికగా అనువారు ఈ లెక్కను చూడలేదని మా యభిప్రాయము.

వాడలోనే రాత్రిబడి వెలసెను. పగలంతయు పసులు కాచిన పిల్లలు దీపము చుట్టును కూర్చుండి తెలుగు అక్షరములు దిద్దిరి. బడి చెప్పువాడును వాడబిడ్డయే. అయినను అతనిని ‘పంతులుగారూ’ అని పిలిచిరి. ఆ పిలుపు అంతవరకు ఏ యింటివారికి చెల్లెడిదో మీకు తెలియనిది కాదు.

పేర్లును మారెను. దావీదు, అబ్రాహాము, రూతమ్మ, మరియమ్మ. వానితోపాటు అచ్చముగా మన నుడికారముననే దేవదానము, కరుణమ్మ, సువార్తమ్మ. దావీదునుగూడ ఊరు ‘దావిదిగా’ అని పిలువవచ్చును. కాని సంఘపు పుస్తకమున వ్రాసినది దావీదు. ఆదివారము పేరు చదువునపుడు వినబడునదియు దావీదే.

ఇంటిపేర్లు మాత్రము మారలేదు. వానితో కులమును వెంటవచ్చెను. ఒకే మందిరమున ప్రార్థించు మాల మాదిగలు వియ్యమందుట అరుదు. ఇది సంఘములోని లోపమే. దాచి ప్రయోజనము లేదు.

పిమ్మట చట్టము వచ్చెను. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించిరి. క్రైస్తవులకు విస్తరింపలేదు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా చేర్చి, నూటికొక్క వంతు కేటాయించెను. వాడలో అందరితోపాటు అదే అంటరానితన మనుభవించినవానికి, పేరు మార్చుకొన్నందున దస్త్రమున కులము మారినది. ఊరిదృష్టిలో మాత్రము మారలేదు.

రెండు పేర్ల వాడుక ఇంకను పాతది. మెదకు ప్రాంతపు పల్లెలను పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్‌లు 1968లో ప్రకటించిన గ్రంథమునను దానిని చూడగలము. బడిపుస్తకమున ఎల్లయ్య, మందిరమున దావీదు. ఇంటిలోని ముసలితల్లి మాత్రము, ఆ రెంటిలో ఏది ముందు నోటికి వచ్చిన దానితో, కొడుకును అన్నమునకు పిలుచును.