గండికోట విషకథ – కడుపు శుద్ధి చరిత్ర

పెన్నా లోయ అంచున నిలిచిన గండికోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశపరచుకొన్నాడు. మంత్రి పొదిలి లింగన్న ద్వారా పెమ్మసాని చినతిమ్మానాయునికి విషప్రయోగం జరిగిందని ఈ ప్రాంతపు కథనం. దానిలోని నిజానిజాలు తేల్చవలసినది చరిత్రకారులు. వైద్యునికి తోచే ప్రశ్న వేరు: కడుపులో పడిన విషం రక్తంలో కలవకుండా ఆపడానికి ఆనాడు ఏ సాధనముండేది?

ప్రధానంగా వమనమే. చరకసంహిత చెప్పిన 24 విషచికిత్సోపక్రమాలలో అదీ ఒకటి. మదనఫలం అందుకు ప్రసిద్ధ ద్రవ్యం. పాశ్చాత్యులు ఇపికాక్ వేరును వాడారు. 1812లో ఫిలడెల్ఫియా శస్త్రవైద్యుడు ఫిలిప్ ఫిజిక్, నల్లమందు వికటించిన కవల శిశువుల కడుపును గొట్టం ద్వారా కడిగాడు. 1831లో ఫ్రెంచి ఔషధజ్ఞుడు తూయెరీ పండితసభ ఎదుట ప్రాణాంతకమైన స్ట్రిక్నిన్‌ను బొగ్గుపొడితో కలిపి మింగి, క్షేమంగా నిలిచాడు.

ఈ మూడింటిలో ఏది మేలు? వాంతిలో ఎంత విషం బయటపడుతుందో నిశ్చయంగా చెప్పలేము. గొట్టంతో కడిగితే కొంత విషం పేగులలోకి జారవచ్చు. స్పృహ తప్పినవారికి ఊపిరితిత్తులలోకి పోవచ్చు. ఉత్తేజిత బొగ్గు అసంఖ్యాక సూక్ష్మరంధ్రాలతో అనేక మందులను తనపై పట్టి ఉంచుతుంది. అయితే ఇనుము, లిథియం, మద్యం, ఆమ్లక్షారాల విషయంలో దానివల్ల ప్రయోజనం లేదు. పొయ్యిలోని బొగ్గు దీనికి ప్రత్యామ్నాయం కాదు.

1997లో అమెరికా, ఐరోపా విషవైద్య సంస్థలు ఈ పద్ధతులను పరిశీలించి, వేటినీ అలవాటుగా వాడరాదనీ, బొగ్గు కూడా మొదటి గంటలో ఇస్తేనే ఉపకరించే అవకాశం ఎక్కువనీ తేల్చాయి. 2003లో అమెరికా శిశువైద్యుల అకాడమీ ఇళ్లలో ఇపికాక్ ఉంచవద్దన్నది. శ్రీలంకలో 4,600కు పైగా రోగులపై జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో, బొగ్గు ఇచ్చినవారిలో మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. వారిలో అధికులు పురుగుమందులో, పచ్చగన్నేరు గింజలో తిన్నవారు. ఆసుపత్రి చేరేసరికే చాలామందికి గంటలు గడిచిపోయాయి.

మన పల్లెలలో నేటికీ ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించేవారున్నారు. ఉప్పు అతిగా చేరితే మెదడుకు ముప్పు. కిరసనాయిలు, ఆమ్లం తాగినవారికి వాంతి చేయిస్తే హాని రెట్టింపవుతుంది. గండికోట నుండి జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్లు. ఇంటివైద్యంలో గడిపే అరగంట ఆ దారిలో గడపడం మేలు. నోట ఏమీ పోయకుండా, రోగిని ఎడమ ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. తిన్న మందు డబ్బానో గింజలనో వెంట తీసుకువెళ్లండి. తెలిసి తాగినవారైతే నిందించకండి; ప్రాణం నిలిచాక వారి మనోవేదన వినండి. అందుకు 14416 టెలిమానస్ సహాయమూ ఉన్నది.