మిసొలొంగి వైద్యుడు

తెలుగులో కడుపుమంట అన్న మాట రెండు బాధలకు చెల్లుతుంది: పొట్టలో పుట్టే మంట ఒకటి, మనసులో రగిలే దుఃఖమో అసూయో మరొకటి. ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య వైద్యం కూడా చాలాకాలం ఈ రెంటినీ విడదీసి చూడలేకపోయింది. ఆమ్లం లేనిదే అల్సర్ లేదని 1910లో ష్వార్జ్ తేల్చాడు. 1915లో షికాగో వైద్యుడు సిప్పీ గంటగంటకూ పాలు, మీగడ, క్షారచూర్ణాలు పట్టించే పథ్యం పెట్టాడు. తరువాత అదే నగరంలో మనోవిశ్లేషకుడు ఫ్రాంజ్ అలెగ్జాండర్, ఆదరణ కోసం లోలోపల అణచుకున్న ఆరాటమే ఈ వ్యాధికి మూలమన్నాడు. పుండు కడుపులోదే అయినా నేరం రోగి స్వభావం మీద పడింది.

గ్రీసులోని మిసొలొంగి సాహిత్యాభిమానులకు బైరన్ 1824లో కన్నుమూసిన ఊరుగానే తెలుసు. ఆ ఊరి వైద్యుడు జాన్ లికూడిస్ 1958లో తన పేగుల జబ్బుకు యాంటీబయాటిక్ వేసుకుంటే, అల్సర్ బాధ కూడా నెమ్మదించింది. ఇది సూక్ష్మజీవి పనేనని నమ్మి, వేలమంది రోగులకు అదే తరహా మందు ఇచ్చాడు. అమెరికన్ వైద్యసంఘం పత్రిక అతని వ్యాసాన్ని తిప్పిపంపింది. 1968లో గ్రీకు వైద్యుల క్రమశిక్షణ సంఘం 4,000 ద్రాక్మాల జరిమానా వేసింది.

ఆ సంఘాన్ని మూర్ఖుల కూటమి అనడం తేలిక, కానీ న్యాయం కాదు. లికూడిస్ తాను నిందించిన క్రిమిని చూపలేదు. మందు వాడినవారిని వాడనివారితో సరిపోల్చనూ లేదు. పైగా 1954లోనే అమెరికన్ వైద్యుడు పామర్ 1,180 మంది జీర్ణాశయపు పొర ముక్కలు పరీక్షించి, అక్కడ ఏ క్రిమీ కాపురముండదని తేల్చేశాడు. అతను వాడిన మామూలు రంగులో ఆ క్రిములు సులువుగా కంటపడవు. వెండి లవణంతో రంగు వేస్తే నల్లగా తేలతాయి.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ చూసింది అలా తేలినవాటినే. 1982 ఈస్టర్ సెలవుల వల్ల అదనంగా కొన్ని రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయిన పళ్లేలలో అవి తొలిసారి పెరిగాయి. 1984లో అతని సహచరుడు బారీ మార్షల్ ఆ క్రిములను తానే తాగాడు. వాంతులు పట్టుకున్నాయి, పదో రోజు పరీక్షలో జీర్ణాశయపు పొర వాచి ఉంది. పుండు మాత్రం పడలేదు. కథ చెప్పేవాళ్లు తరచు మింగేసే వివరం ఇది. నొప్పిమాత్రలూ పుండ్లు పుట్టిస్తాయన్నదీ మరువరాదు. ఆ ఇద్దరికీ 2005లో నోబెల్ దక్కింది.

లికూడిస్ 1980లో మరణించాడు. వారెన్ ఆ క్రిములను చూసి అప్పటికి ఏడాది. ఆ సంగతి ఇంకా అచ్చుకెక్కలేదు. 1999లో లాన్సెట్ పత్రిక అతని గురించి ఒక వ్యాసం వేసింది.