గాలం (కొర్రమట్ట వేట)

గాలం అనగా ఎర చూపి చేపను ముల్లుకు తగిలించి పట్టే సాధనం. వల ఒకేసారి అనేక చేపలను పట్టగా, ఒక ముల్లున్న గాలం ఒక్కసారికి ఒక్క చేపనే పడుతుంది. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెరువులు, కుంటలలోను, డిండి, కోయిల్‌సాగర్ వంటి జలాశయాలలోను గాలానికి చిక్కే చేపలలో కొర్రమట్ట ప్రసిద్ధమైనది. దీనినే కొరమీను అని కూడా అంటారు. శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

భాగాలు

వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, సీసపు గుండు, ఇనుప ముల్లు గాలంలోని ముఖ్య భాగాలు. తేలికగా ఉండి నీటిపై తేలే ఏ వస్తువైనా బెండుగా పనికివస్తుంది. జొన్నదంటు లోపలి మెత్తని భాగం ఇందుకు అనుకూలం. ముల్లు కొనకు కొంచెం వెనుకగా ఎదురు తిరిగిన చిన్న మొన ఉంటుంది. తగులుకున్న చేప జారిపోకుండా చేసేది ఇదే.

కట్టే విధానం

1. దారం కొనను ముల్లు తలవద్ద ఉన్న రంధ్రం గుండా దూర్చి, జానెడు పొడవు బయటకు లాగాలి.
2. ఆ కొనను అసలు దారం చుట్టూ 5 లేక 6 చుట్లు తిప్పాలి.
3. రంధ్రం ప్రక్కన ఏర్పడిన చిన్న ఉచ్చులో కొనను దూర్చాలి.
4. ముడిని నీటితో తడిపి నెమ్మదిగా బిగించాలి. పొడిగా బిగించిన నైలాన్ రాపిడికి వేడెక్కి బలహీనపడుతుంది.
5. ముల్లుకు పైన సీసపు గుండును, దానికి పైన నీటి లోతును బట్టి బెండును అమర్చాలి.

ఎర

వానపాములు, చిన్న చేపలు, కప్పలు సాధారణ ఎరలు. కొర్రమట్ట కదిలే ప్రాణిపై దూకి పట్టే మాంసాహారి కావడంతో రబ్బరు కప్ప బొమ్మలకు కూడా చిక్కుతుంది. ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు నదులలో స్టీల్‌హెడ్ అనే చేప కొరకు ముల్లుపై ఉన్నిదారం చుట్టి, పైన జింక తోక వెంట్రుకలను రెక్కవలె కట్టి వాడతారు. రెండింటిలోనూ చేపను ఆకర్షించేది ఆహారం కాదు, ప్రాణి వలె కదిలే రూపం.

కొర్రమట్ట స్వభావం, జాగ్రత్తలు

కొర్రమట్ట మొప్పలతో పాటు, తలలోని ప్రత్యేక అవయవంతో గాలిని నేరుగా పీల్చుకుంటుంది. అందుకై తరచు నీటిపైకి వస్తుంది. అలలు లేని చోట నీరు కదలడం చూసి వేటగాడు దాని ఉనికిని గుర్తిస్తాడు. ఇది ప్రధానంగా వానాకాలంలో గ్రుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లలు నీటిపై గుంపుగా తిరుగుతుండగా పెద్ద చేప క్రింద కాపలా కాస్తుంది. గుంపును సమీపించిన దేనినైనా అది కరుస్తుంది. కనుక ఆ సమయంలో గాలానికి సులభంగా దొరుకుతుంది. కాపలా చేప పోతే రక్షణ లేని పిల్లలు ఇతర చేపలకు, పక్షులకు ఆహారమవుతాయి. ఒక్క చేపనే పట్టే గాలం అప్పుడు ఒక సంతతినే నశింపజేయగలదు. కావున పిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేయరాదు. పొరపాటున కాపలా చేప చిక్కితే ముల్లును జాగ్రత్తగా తీసి, అక్కడనే నీటిలో విడిచిపెట్టాలి. చాలా చెరువులలో చేపల హక్కు స్థానిక మత్స్య సహకార సంఘాలకు ఉంటుంది కనుక, వారి అనుమతి తీసుకొనిన తరువాతనే వేటకు దిగాలి.